బడి గంటకూ ఇంటి గడపకూ మధ్య

మార్కాపురం పలక మీద ఓనమాలు దిద్దిన తరాలు తెలుగునాట రెండు మూడైనా ఉంటాయి. ఆ రాయి నల్లమల అంచున దొరికేది. భూగర్భ శాస్త్రవేత్తలు ఆ రాతి పొరలకు పక్క ఊరైన కంభం పేరే పెట్టారు. పొరలు విడదీసి, కొలతకు కోసి, నునుపు చేసి, చుట్టూ కర్ర చట్రం బిగిస్తే పలక అయ్యేది. ఈ పనిలో చాలాకాలం పెద్దవాళ్లతో పాటు పిల్లలూ ఉన్నారు. 1986లో బాలకార్మిక నిషేధ, నియంత్రణ చట్టం వచ్చింది. మరుసటి ఏడు జాతీయ విధానం, 1988లో జాతీయ బాలకార్మిక ప్రాజెక్టు వచ్చాయి. అగ్గిపెట్టెలకు శివకాశి, గాజుకు ఫిరోజాబాద్, తివాచీలకు మీర్జాపూర్, పెంకులకు జగ్గంపేట ఎంపికైన తొలి ప్రాజెక్టుల్లోనే పలకలకు మార్కాపురం కూడా ఉంది.

ఆ ప్రాజెక్టు కింద ప్రత్యేక బడులు నడిచాయి. ఒక్కో బడికి యాభై మంది పిల్లలు. చదువు, మధ్యాహ్నం అన్నం, ఏదో ఒక చేతిపని, అప్పుడప్పుడూ డాక్టరు పరీక్ష, నెలకు నూరు రూపాయల స్టయిఫండ్. నిధులు సకాలంలో రాకపోవడం ఈ పథకాన్ని దేశమంతటా వేధించింది. చివరికి 2021లో దీన్ని సమగ్ర శిక్ష పథకంలో కలిపేశారు. లోపాలు ఎన్ని ఉన్నా, ఆ బడుల వెనక ఒక గట్టి ఆలోచన ఉంది. పిల్లవాడు బడికి ఎందుకు రావడం లేదన్న ప్రశ్నకు జవాబు వాడి బుర్రలో వెతకొద్దు, వాడి ఇంట్లో వెతకండి అన్నదే ఆ ఆలోచన. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని పని మానుకున్న తండ్రి, తీరని బాకీ, ఒంటి చేత్తో ఇల్లు లాగుతున్న తల్లి ఉన్న ఇంట్లో అక్షరం ఒక్కటే తీసుకెళ్తే నిలవదు. అన్నం ఒక్కటే పెట్టినా పిల్లవాడు ఆరో తరగతికి చేరడు. కాబట్టి చదువు చెప్పేవాళ్లు ఇంటి సంగతి తెలుసుకోవాలి, ఇంటి మంచిచెడ్డలు చూసేవాళ్లు బడి సంగతి తెలుసుకోవాలి. గత ముప్పై ఏళ్లలో మెదడు గురించి, భయం గురించి, దుఃఖం గురించి శాస్త్రం తెలుసుకున్నదంతా ఈ ఆలోచనకే బలం చేకూర్చింది. ఈ అధ్యాయంలో చూడబోయేది దాన్నే.

ముందు ఆ నేల గురించి రెండు మాటలు. మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం, కనిగిరి, కంభం, పొదిలి వైపంతా వాన తక్కువ. సేద్యం బోరును నమ్ముకున్నది. మిర్చి, పత్తి, కంది, పొగాకు పండిస్తారు. బోరు ఎండినా, పొదిలి, కనిగిరి వేలం కేంద్రాల్లో పొగాకు ధర పడినా అప్పు వడ్డీతో సహా ఇంటి మీద కూర్చుంటుంది. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం ఒక తరం ఎదురుచూస్తూనే పెద్దదైంది. పని దొరక్క మగ్గే కుటుంబాలు హైదరాబాదుకో బెంగళూరుకో, మిరపకాయ కోతలకు గుంటూరు వైపుకో వెళ్తాయి. పిల్లలు అవ్వాతాతల దగ్గర మిగులుతారు. ప్రకాశం జిల్లా ఒకప్పుడు హెచ్‌ఐవీ తీవ్రంగా ఉన్న జిల్లాల్లో ఒకటి. నల్లమల గూడేల్లో, అంచు పల్లెల్లో పోలీసులకూ నక్సలైట్లకూ మధ్య రాత్రిళ్లు భయంతో గడిపిన తరం ఇంకా ఉంది. 2004 అక్టోబరులో శాంతి చర్చల కోసం నక్సలైట్ నేతలు అడవిలోంచి బయటికి వచ్చింది ఈ ప్రాంతపు చిన్న ఆరుట్ల దగ్గరే. 2020 జూలై నెలాఖరులో, కరోనా కట్టడితో మద్యం దుకాణాలు మూతబడినప్పుడు, కురిచేడులో శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. ఆ వార్త వారం రోజులు పత్రికల్లో నడిచింది. ఆ ఇళ్లలో పిల్లలుంటే, వాళ్లకు అది వారంలో ముగిసే సంగతి కాదు.

ముగియకపోవడానికి కారణం శరీరంలో ఉంది. ప్రమాదం ఎదురైనప్పుడు మెదడు లోపల అమిగ్డాలా అనే చిన్న భాగం ముందుగా మేలుకుంటుంది. అది హైపోథలమస్‌ను, హైపోథలమస్ పిట్యూటరీ గ్రంథిని, పిట్యూటరీ మూత్రపిండాల మీదున్న అడ్రినల్ గ్రంథుల్ని లేపుతాయి. గుండె వేగం పెరుగుతుంది. కార్టిసాల్ అనే హార్మోను రక్తంలోకి దూకుతుంది. పాము కనిపించినప్పుడు పక్కకు దూకగలిగేది ఈ ఏర్పాటు వల్లే. ప్రమాదం తప్పిపోగానే ఈ గొలుసు తనంతట తనే చల్లబడాలి. ప్రమాదం రోజూ ఇంటికొస్తే, అంటే అప్పులవాడి కేక, తాగొచ్చిన తండ్రి అడుగుల చప్పుడు, గుడ్లు తేలేసి కూర్చున్న తల్లి రోజూ ఎదురైతే, గొలుసు చల్లబడదు. ఏళ్ల తరబడి అలా సాగితే జ్ఞాపకాన్ని నిలిపే హిప్పోకాంపస్ మీద, మనసును ఒకచోట నిలిపి ఆలోచింపజేసే నుదుటి వెనక భాగం మీద దాని ప్రభావం పడుతుంది. లెక్కల పీరియడ్‌లో కావలసినవి సరిగ్గా ఈ రెండే.

1998లో అమెరికాలో విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ అండా అనే ఇద్దరు వైద్యులు ప్రచురించిన అధ్యయనం ఈ రంగంలో పెద్ద మలుపు. చిన్నతనంలో ఇంట్లో హింస, తాగుడు, మానసిక వ్యాధి, నిరాదరణ ఎన్ని రకాలుగా ఎదురయ్యాయో పెద్దవాళ్లను అడిగి, వాళ్ల ప్రస్తుత ఆరోగ్యంతో పోల్చారు. పరిశోధన పూర్తయ్యేసరికి 17 వేల మందికి పైగా అందులో ఉన్నారు. కష్టాల రకాలు పెరిగేకొద్దీ గుండె జబ్బు, కుంగుబాటు, వ్యసనం, ఆత్మహత్యా ప్రయత్నం అన్నీ మెట్టు మెట్టుగా పెరిగాయి. ఆ తర్వాత ప్రపంచమంతా పిల్లల కష్టాలకు మార్కులు వేయడం మొదలుపెట్టింది. అండాయే 2020లో దాన్ని ఆపమని రాశాడు. జనాభా మొత్తానికి పనికొచ్చే ఆ లెక్క ఒక్క పిల్లవాడి జాతకం చెప్పదు. టీచర్ల శిక్షణ తరగతుల్లో ఈ సంగతి ముందు చెప్పాలని నాకనిపిస్తుంది. ‘వాడిల్లు అలాంటిది, ఇక వాడింతే’ అనే మాట స్టాఫ్‌రూముల్లో వినపడుతూనే ఉంటుంది. దానికి శాస్త్రం మద్దతు లేదు.

మద్దతు ఉన్నది వేరే వైపు. హవాయి దీవుల్లో కవాయి అనే చోట 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త నలభై ఏళ్లు వెంబడించింది. పేదరికం, తల్లిదండ్రుల తగాదా, తాగుడు, మానసిక వ్యాధి లాంటివి నాలుగైనా ముసిరిన పిల్లల్లో మూడింట ఒక వంతు మంది చక్కగా ఎదిగారు. వాళ్ల జీవితాల్లో మళ్లీ మళ్లీ కనిపించింది ఒకటే: వదిలిపెట్టకుండా అంటిపెట్టుకుని ఉన్న ఒక పెద్ద మనిషి. అది అమ్మమ్మ కావచ్చు, మేనత్త కావచ్చు, చాలామందికి ఒక టీచరు. మిన్నెసోటాలో మేగన్ గున్నార్ బృందం దీన్ని రసాయన స్థాయిలో చూసింది. తల్లితో గట్టి అనుబంధం ఉన్న పసిపిల్లలు కొత్త, భయపెట్టే పరిస్థితిలో ఏడ్చినా, తల్లి దగ్గరుంటే వాళ్ల కార్టిసాల్ పెరగలేదు. నమ్మకమున్న మనిషి దగ్గరుండటమే మందులా పనిచేసింది.

మరో పాత ప్రయోగం ఉంది. 1970ల నాటికే జే వైస్ ఎలుకల మీద పరిశోధించి ఒక సంగతి తేల్చాడు. రెండు ఎలుకలకూ ఒకే మోతాదు విద్యుత్ షాక్. ఒకదానికి షాక్‌కు ముందు శబ్దం వినిపిస్తుంది, రెండోదానికి ఎప్పుడొస్తుందో తెలియదు. కడుపులో పుండ్లు ఎక్కువ పడింది రెండోదానికి. బాధ ఎంత ఉందన్నదే కాదు, అది ఎప్పుడొస్తుందో తెలియకపోవడం కూడా శరీరాన్ని తినేస్తుంది. బడి టైమ్‌టేబులుకు ఇంత విలువ ఎందుకో దీన్నిబట్టి అర్థమవుతుంది. తొమ్మిదింటికి ప్రార్థన, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం ఆటలు. ఇంట్లో ఏ గంటకు ఏం జరుగుతుందో తెలియని పిల్లవాడికి రోజులో ముందే తెలిసిన ఏడెనిమిది గంటలు ఇవే.

ఇప్పుడు ఒక పిల్లవాణ్ణి ఊహించుకుందాం. గిద్దలూరు మండలంలో ఓ ఊరు. ఏడో తరగతి. తండ్రి కౌలు రైతు. రెండు బోర్లు ఫెయిలయ్యాయి. మిర్చి పోయింది. ఒక తెల్లవారుజామున తండ్రి లేడు. పదకొండో రోజు కర్మ అయ్యాక పిల్లవాడు బడికి వచ్చాడు. మొదటి వారం అందరూ జాలిపడ్డారు. నెల తిరిగేసరికి హోంవర్కు లేదు. ఎవరో తట్ట కింద పడేస్తే ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. మూడో పీరియడ్‌లో బెంచీ మీద తల పెట్టి నిద్రపోయాడు. పక్కవాడు నాన్న మాట ఎత్తితే కొట్టాడు. హాజరుపట్టీలో సోమవారాలన్నీ ఖాళీ. టీచరుకు ఇవన్నీ కనిపిస్తాయి. ఎందుకో మాత్రం కనిపించదు. కాబట్టి దండిస్తాడు, లేదా వదిలేస్తాడు.

అదే ఇంట్లో వాడి చెల్లెలు మూడో తరగతి. అన్ని హోంవర్కులూ చేస్తుంది. నోరెత్తదు. అన్నం తినకుండా ప్లేటు కడిగేస్తుంది. టీచరమ్మ రిజిస్టరులో ఆమె ‘బుద్ధిమంతురాలు’. అల్లరి చేసే పిల్లవాడి మీద కనీసం ఎవరో ఒకరి కన్ను పడుతుంది. నిశ్శబ్దంగా ఒదిగిపోయే పిల్ల ఎవరి కంటా పడదు. ఈ వయసు పిల్లల్లో మరో చిక్కుంది. తమవల్లే జరిగిందని లోపల నమ్ముతారు. ‘ఆ రోజు నేను చెప్పుల కోసం మారాం చేశాను, అందుకే నాన్న పోయాడు’ అనే నమ్మకం ఎవరూ అడగకపోతే బయటికి రాదు. అడగాల్సింది నాలుగు గోడల మధ్య కూర్చోబెట్టి కూడా కాదు. ముగ్గు పెడుతూనో, మేకను తోలుకెళ్తూనో మాట్లాడితే పిల్లలు చెబుతారు.

ఇంటికి వెళ్లే మనిషికి ఇంకో సగం కనిపిస్తుంది. సంక్షేమ కార్యకర్త గడపలో కూర్చుంటే అవ్వ మాట్లాడుతుంది.

‘‘ఏందమ్మా చెప్పేది, రాత్రిళ్లు పిల్లోడు నిద్దర పోడు. నేను కళ్లు మూస్తే లేపుతాడు, అవ్వా బతికుండావా అని. తెల్లారగట్ట నిద్దరపడతాడు, ఇంక లేపబుద్ధి గాదు.’’

‘‘సోమవారం సోమవారం బడికి పంపడం లేదంట కదవ్వా, సారు చెప్పాడు.’’

‘‘సోమారం వడ్డీ ఆయన వస్తాడమ్మా. వాళ్లమ్మ కూలికి పోతది. నేనొక్కదాన్నే ఉంటానని వాడు ఇంట్లో కూసుంటాడు.’’

సోమవారాల గుట్టు ఇంతే. టీచరు దగ్గర హాజరుపట్టీ ఉంది, కార్యకర్త దగ్గర వడ్డీ ఆయన కథ ఉంది. రెండూ ఒకచోట చేరితే తప్ప పిల్లవాడి బాధకు రూపం రాదు. తొమ్మిదో పీరియడ్‌లో వాడికి స్పెషల్ క్లాసు పెట్టినా ఫలితం ఉండదు. సోమవారం అవ్వ పక్కన ఇంకో పెద్ద మనిషి కూర్చునే ఏర్పాటు జరగాలి. బాకీ సంగతి పొదుపు సంఘం ముందుకో, ఊరి పెద్దల ముందుకో రావాలి. అది టీచరు చేయగల పని కాదు. అలాగే తెల్లారగట్ట నిద్రపోయే పిల్లవాణ్ణి మొదటి పీరియడ్‌కు ఆలస్యంగా వస్తే బయట నిలబెట్టకపోవడం కార్యకర్త చేయగల పని కాదు.

అమెరికాలో 1906 నుంచే న్యూయార్క్, బోస్టన్, హార్ట్‌ఫర్డ్ నగరాల్లో ఇళ్లకు వెళ్లే టీచర్లను నియమించారు. బడి సామాజిక కార్యకర్త అనే వృత్తికి మూలం అదే. మన దగ్గర ఈ కలయికకు పేరొచ్చింది రంగారెడ్డి జిల్లాలో, శాంతా సిన్హా నడిపిన ఎం.వి. ఫౌండేషన్ 1990ల్లో పల్లె పల్లెనా కార్యకర్తల్ని తిప్పినప్పుడు. ప్రభుత్వ టీచర్లు కూడా బాలకార్మిక విమోచన వేదికగా ఏర్పడి వాళ్లతో కలిసి ఇళ్లకు వెళ్లారు. పిల్లవాణ్ణి పనిలోంచి విడిపించినవాళ్లూ వాణ్ణి క్లాసులో కూర్చోబెట్టేవాళ్లూ ఒకే మీటింగులో కూర్చోవడం ఈ పనికి ఆయువుపట్టు.

ఇక ప్రభుత్వం వైపు చూద్దాం. రైతు ఆత్మహత్య చేసుకుంటే కుటుంబానికి సాయం అందించే ఏర్పాటు మనకు 2004 జూన్ నుంచి, జీవో 421 ద్వారా ఉంది. అప్పుడు లక్షన్నర. 2015లో అయిదు లక్షలు చేశారు, 2019లో ఏడు లక్షలు. ఆ సాయానికి అర్హత తేల్చే డివిజన్ కమిటీలో ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ సహాయ సంచాలకుడు ఉంటారు. భూమి, నేరం, పంట ముగ్గురూ ఉన్నారు. పిల్లల వైపు నుంచి ఒక్కరూ లేరు. విచారణ జరిగే తీరు కూడా చూడండి. ఎఫ్‌ఐఆర్ కోసం పోలీసులు అడుగుతారు, అప్పు కాగితాల కోసం రెవెన్యూవాళ్లు అడుగుతారు, పంట వివరాలకు వ్యవసాయ శాఖ అడుగుతుంది, విలేకరులు అడుగుతారు. భర్త ఎలా పోయాడో భార్య అదే గుమ్మంలో, అదే పిల్లల ముందు పదిసార్లు చెప్పాలి. కౌలు రైతు అయితే కాగితం లేదు కాబట్టి ఇంకో పదిసార్లు. దుఃఖాన్ని ఇంతగా రేపే విచారణ పద్ధతిని మార్చడానికి పైసా ఖర్చు కాదు. విచారణ రోజు పిల్లల్ని బడిలోనే ఉంచండని హెడ్మాస్టరుకు ఒక ఫోను, ఒకరు రాసుకున్న వాంగ్మూలం మిగతావాళ్లు చదువుకోవడం చాలు.

అలా చెప్పించడం వల్ల నష్టం జరగొచ్చన్నది ఊహ కాదు. ఘోరం జరిగిన వెంటనే బాధితుల్ని కూర్చోబెట్టి అంతా వివరంగా చెప్పించే పద్ధతి ఒకప్పుడు ప్రపంచమంతా నడిచింది. 2002లో, వైద్య పరిశోధనల్ని మదింపు చేసే కోక్రేన్ సంస్థ సమీక్ష ఆ ప్రయోగాలన్నిటినీ జల్లెడ పట్టి, ఒక్కసారి కూర్చోబెట్టి చెప్పించడం వల్ల ఉపయోగం లేదనీ కొందరికి హాని కూడా జరగొచ్చనీ తేల్చింది. 2007లో ఐక్యరాజ్యసమితి సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు కలిసి విపత్తుల్లో మానసిక సాయానికి మార్గదర్శకాలు రాసుకున్నాయి. వాటి ప్రకారం అందరికీ ముందు కావలసింది భద్రత, తిండి, సమాచారం. ఆపైన కుటుంబం, బడి, ఊరు మళ్లీ నడవడం. ఆపైన కొందరికి శిక్షణ పొందిన కార్యకర్త తోడు. మానసిక వైద్యుడి అవసరం పడేది కొద్దిమందికే. 2004 సునామీ తర్వాత బెంగళూరు నిమ్హాన్స్ నిపుణులు తీరప్రాంతాల్లో టీచర్లకూ స్థానిక కార్యకర్తలకూ శిక్షణ ఇచ్చింది ఈ దారిలోనే.

అయితే అంతా టీచరే చేయొచ్చు కదా అనే ఆలోచన ప్రభుత్వాలకు తేలిగ్గా వస్తుంది. బిహార్‌లోని నలందా జిల్లాలో దాన్ని పరీక్షించారు. డెబ్బైకి పైగా ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్ని చీట్లు తీసినట్టు మూడు భాగాలు చేశారు. కొన్ని బడుల్లో పిల్లల మంచిచెడ్డలు చూసే కార్యక్రమాన్ని బయటినుంచి వచ్చిన, శిక్షణ పొందిన కార్యకర్త నడిపాడు, కొన్నింట్లో అదే కార్యక్రమాన్ని టీచరు నడిపాడు, మిగతావి మామూలుగా నడిచాయి. 2018లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. కార్యకర్త ఉన్న బడుల్లో బడి వాతావరణం బాగుపడింది, కుంగుబాటు తగ్గింది, తోటిపిల్లల వేధింపు తగ్గింది. టీచరుకు అప్పజెప్పిన బడుల్లో చెప్పుకోదగ్గ మార్పే లేదు. ఆ కార్యకర్తలు పెద్ద డిగ్రీలున్న సైకాలజిస్టులు కారు, ఆ చుట్టుపక్కల మనుషులే. కానీ వాళ్లకు ఇదొక్కటే పని. మార్కులు వేయరు, దండించరు.

ఈ ఫలితాన్ని టీచర్ల అసమర్థతగా చదివితే పొరపాటు. మార్కాపురం చుట్టుపక్కల బడిలో ఒక టీచరు రోజు చూడండి. పాఠం, మధ్యాహ్న భోజనం ఫొటో, హాజరు యాప్, పరీక్ష మార్కుల అప్‌లోడ్, మీటింగు. ఇన్నిటి మీద ఇంకో బరువు పెట్టి, పిల్లల దుఃఖం నువ్వే చూసుకో అంటే అది టీచరుకూ అన్యాయమే, పిల్లవాడికీ అన్యాయమే. టీచరు గమనించి ఒక మాట అందజేస్తే చాలు. అందుకునే చెయ్యి ఉండాలి.

ఆ చెయ్యి మన ఊళ్లలో లేకపోలేదు. 2019 అక్టోబరులో గ్రామ సచివాలయాలు వచ్చినప్పుడు వెల్‌ఫేర్ అండ్ ఎడ్యుకేషన్ అసిస్టెంట్ అనే పోస్టు పెట్టారు. సంక్షేమం, చదువు ఒకే కుర్చీలో. పక్కనే మహిళా పోలీసు, ఏఎన్‌ఎం. అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త ఎప్పటినుంచో ఉన్నారు. జిల్లాలో బాలల సంరక్షణ విభాగం, బాలల సంక్షేమ కమిటీ ఉన్నాయి. నల్లమల వైపు రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్డీటీ) వంటి స్వచ్ఛంద సంస్థలూ పనిచేస్తున్నాయి. మనుషులున్నారు. ఒకరి రిజిస్టరు ఇంకొకరికి తెలియదు. ఒకే ఇంటికి నలుగురు వేర్వేరు సర్వేలకు వెళ్తారు, నలుగురూ వేర్వేరు యాపుల్లో ఎక్కించి వచ్చేస్తారు.

వీళ్లు కలిస్తే ఏం జరుగుతుందో ఒక్క కాగితం పనిలో చూడొచ్చు. మిషన్ వాత్సల్య పథకం కింద, ఆదరువు కోల్పోయిన పిల్లలకు ఇంట్లోనే ఉండి చదువుకోవడానికి నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఇచ్చే వీలుంది. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72 వేలు దాటకూడదు. దరఖాస్తుకు తండ్రి మరణ ధ్రువపత్రం, ఆదాయ పత్రం, పిల్లవాడి ఆధార్, బ్యాంకు ఖాతా, బడి నుంచి స్టడీ సర్టిఫికెట్ కావాలి. మరణ ధ్రువపత్రంలో తండ్రి ఇంటిపేరు ఒకలా, బడి రికార్డులో ఇంకోలా ఉంటుంది. దాన్ని సరిచేయించడానికి కూలి మానుకుని తల్లి మూడు ఆఫీసులు తిరగాలి. హెడ్మాస్టరు రికార్డు చూసి ఒక లేఖ రాస్తే, వెల్‌ఫేర్ అసిస్టెంట్ దాన్ని పట్టుకుని ముందుకెళ్తే, తల్లి రెండు రోజుల కూలి మిగులుతుంది. ఇది మానసిక చికిత్స కాదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. నెలకింత వస్తుందని తెలిసిన తల్లి రాత్రి నిద్రపోతుంది. తల్లి నిద్రపోయిన ఇంట్లో పిల్లవాడు నిద్రపోతాడు. వితంతు పింఛను 2024 జూలై నుంచి నాలుగు వేలయింది. అది చేతికి అందేదాకా వెంట తిరిగే మనిషి ఉండటం కూడా వైద్యమే.

కలిసి పనిచేయడంలో ఒక ప్రమాదం ఉంది. దాన్ని దాటవేయకూడదు. ఇంటి గుట్టు బడికి చేరితే బడంతా పాకుతుంది. హెచ్‌ఐవీ కుటుంబాల పిల్లలు ఈ జిల్లాలో దాన్ని అనుభవించారు. ఎవరూ పక్కన కూర్చోరు, నీళ్ల గ్లాసు వేరే. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం బడిలో వివక్షను నిషేధించింది. అనుమతి లేకుండా ఆ సంగతి బయటపెట్టడాన్నీ నిషేధించింది. అందుకే కార్యకర్త టీచరుకు చెప్పాల్సింది జబ్బు పేరు కాదు, చావు వివరం కాదు. ‘రాత్రి నిద్రలేదు, పొద్దున ఆలస్యమైతే తిట్టకండి. పెద్ద శబ్దానికి బెదురుతాడు, వెనక బెంచీ నుంచి గోడపక్కకు మార్చండి. నెలలో ఒకరోజు తల్లితో ఒంగోలు ఆసుపత్రికి వెళ్తాడు, ఆ రోజు సెలవు అడిగితే కారణం అడగొద్దు.’ ఇంత చాలు. పిల్లవాడితో ఎలా మెలగాలో తెలియడానికి ఇంటి కథంతా తెలియనక్కర్లేదు. అలాగే ఎవరికి ఏం చెప్పబోతున్నామో తల్లికి ముందు చెప్పి, ఆమె సరేనన్నాకే చెప్పాలి. మన ఆఫీసుల్లో ఇది అలవాటు కాలేదు. చెక్కు ఇస్తూ బిడ్డతో ఫొటో తీసి పేపర్లో వేయడం మాత్రం బాగా అలవాటైంది. అదే పేపరు మర్నాడు క్లాసులో చేతులు మారుతుందని ఆ ఫొటో తీసేవాళ్లకు ఎవరైనా చెప్పాలి.

నల్లమల గూడేల దగ్గరికి వచ్చేసరికి ఈ పని ఇంకోలా నడవాలి. యర్రగొండపాలెం, దోర్నాల మండలాల్లోని చెంచు కుటుంబాలు ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన తెగల జాబితాలో ఉన్నాయి. శ్రీశైలం సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) వీళ్ల కోసమే ఏర్పడింది. పాలుట్ల లాంటి గూడేలు అడవి లోపల ఉన్నాయి. అక్కడ బయటి మనిషి, అది టీచరు కావచ్చు, కార్యకర్త కావచ్చు, మొదటి రోజు అనుమానంగానే కనిపిస్తాడు. ఖాకీ చొక్కా చూసి, తుపాకీ చూసి పెరిగిన పెద్దవాళ్లు ప్రశ్నలడిగేవాళ్లకు జవాబు చెప్పరు. హాస్టల్లో చేర్చిన పిల్లవాడు పారిపోయి గూడేనికి వస్తే చదువు మీద ఆసక్తి లేదని రాసేస్తారు. తల్లి దగ్గరుంటే పిల్లల కార్టిసాల్ పెరగలేదని పైన చెప్పుకున్నాం; అయినవాళ్లకు దూరమైన ఈ పిల్లవాడికి ఆ తోడు లేదు. గూడేనికే చెందిన, పదో తరగతి దాటిన యువతీయువకుల్ని మధ్యలో నిలిపితే తప్ప ఇక్కడ బడికీ ఇంటికీ దారి పడదు. బెంగ పెట్టుకున్న పిల్లవాడికి చెంచు యాసలో పలకరింపు, వారానికోసారి తల్లితో ఫోను, పండక్కి ఇంటికి పంపడం అనేవి హాస్టల్ నియమాల్లో భాగం కావాలి.

తల్లి సంగతి కూడా మరిచిపోకూడదు. బడి నుంచి ఎవరు వచ్చినా పిల్లవాడి గురించే అడుగుతారు. భర్త పోయిన ఆరు నెలలకు కూడా అన్నం సహించక, ‘నేనూ పోతే బాగుండు’ అనే తల్లికి సాయం కావాలి. ఆ మాట విన్న టీచరు గానీ అంగన్‌వాడీ ఆమె గానీ తేలిగ్గా తీసుకోకూడదు. మానసిక సాయం కోసం ఉన్న ఉచిత టెలీమానస్ నంబరు 14416 రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. కానీ నంబరు కాగితం మీద రాసిచ్చి వచ్చేయకుండా, పక్కన కూర్చుని ఆమె ఫోన్ నుంచే కలిపి, మొదటి రెండు నిమిషాలు తోడుండాలి. ఆసుపత్రికి పంపాల్సి వస్తే ఆ రోజు పిల్లల్ని ఎవరు చూస్తారో బడి, పొదుపు సంఘం కలిసి ముందే తేల్చాలి. రోజూ ఇలాంటి ఇళ్లకు వెళ్లే కార్యకర్త మనసూ బరువెక్కుతుంది. అలాంటి కార్యకర్తలకు నెలకోసారి పై అధికారి టార్గెట్లు అడగని మీటింగు ఒకటి కావాలి.

అన్నిటికంటే బలహీనమైన కాలం వేసవి. ఏప్రిల్ చివరి వారంలో బడులు మూస్తారు, జూన్ 12న తెరుస్తారు. పిల్లవాడికి తెలిసిన టైమ్‌టేబులు ఆ యాభై రోజులూ ఉండదు, మధ్యాహ్నం అన్నం ఉండదు, సారు కనపడడు. ఊళ్లో పనులుండవు కాబట్టి తల్లి పనికోసం వలస పోయేదీ, వడ్డీ ఆయన లెక్క చూసుకునేదీ అప్పుడే. ఏడాదంతా కట్టుకొచ్చినది ఈ యాభై రోజుల్లో తెగిపోతుంది. అందువల్ల ఆఖరి పనిదినాన హెడ్మాస్టరు, వెల్‌ఫేర్ అసిస్టెంట్, అంగన్‌వాడీ టీచరు ఒక గంట కూర్చోవాలి. వేసవిలో కనిపెట్టుకోవాల్సిన పిల్లలెవరో పేర్లు రాసుకోవాలి. ఎవరి తల్లి ఏ ఊరికి పోతుంది, పిల్లలు ఎవరి దగ్గర ఉంటారు, అవ్వ దగ్గర ఫోనుందా, లేకపోతే పక్కింటివాళ్ల నంబరేది, వారానికోసారి ఎవరు వెళ్లి చూస్తారు అన్నవి ఆ పేర్ల పక్కన ఉండాలి. ఆ కాగితం కాపీ ఒకటి సచివాలయంలో, ఒకటి బడి బీరువాలో. జూన్ 12న ఎవరు రాలేదో ఆ కాగితం పక్కన పెట్టుకుని చూస్తే, ఆ సాయంత్రమే వెళ్లాల్సిన ఇళ్లేవో తెలుస్తాయి.